జీపీఎస్ ఉండగా ఐఎల్ఎస్, వీఓఆర్ ఇంకా ఎందుకు? పైలట్ల రేడియో ఎందుకలా గరగరలాడుతుంది?

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది: "చేతిలో ఉన్న ఫోనే నాలుగైదు మీటర్ల తేడాతో దారి చూపిస్తోంది. అలాంటప్పుడు రన్‌వే చివర కమ్మీల కంచెలా నిలబెట్టిన ఆ పాతకాలపు యాంటెన్నాలు ఇంకా ఎందుకు? టవర్, పైలట్లు మాట్లాడుకునేది కూడా పాత ట్రాన్సిస్టర్‌లా గరగరలాడుతుంది. ఎఫ్‌ఎంకో, డిజిటల్‌కో మార్చొచ్చు కదా?"

ముప్పై ఏళ్ళుగా ఈ యాంటెన్నాల మధ్యే పనిచేస్తున్నాను. నేను విమానం నడపను, విమానాలకు దారీ చెప్పను. దారి చెప్పే పరికరాలు నిజం చెబుతున్నాయా లేదా అని చూడటం నా పని. కాబట్టి నా జవాబు కూడా ఆ వైపు నుంచే ఉంటుంది.

సూటిగా చెప్పాలంటే: విమానానికి కచ్చితత్వం ఒక్కటే చాలదు. పరికరం తప్పు చెబితే, ఆ సంగతి పైలట్‌కి సెకన్లలో తెలియాలి. ఐఎల్ఎస్, అంటే రన్‌వే మీదికి దిగే విమానానికి దారి చూపే రేడియో వ్యవస్థ, తాను తప్పు చెబుతున్నానని తనే పసిగట్టి, తనంతట తానే ప్రసారం ఆపేస్తుంది. మీ ఫోన్‌లోని జీపీఎస్‌కి ఆ పని రాదు. రేడియోలో ఏఎం వదలకపోవడానికీ ఇలాంటి కారణమే ఉంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఏఎంలో ఆ సంగతి బయటపడుతుంది. ఎఫ్‌ఎంలో అయితే ఒకరి మాట అసలు మాట్లాడనట్టే మాయమైపోవచ్చు.

ఇక వివరాలు. ముందు ఐఎల్ఎస్ సంగతి.

మీరు చెప్పిన కమ్మీల కంచె పేరు లోకలైజర్. విమానం దిగే వైపు కాదు, అవతలి వైపు, రన్‌వే అయిపోయాక ఓ 300 మీటర్ల దూరంలో అడ్డంగా వరసగా ఉంటుంది. 108 నుంచి 112 మెగాహెర్ట్జ్ మధ్య ప్రసారం చేస్తుంది. మీ ఎఫ్‌ఎం రేడియో 108 దగ్గర ఆగిపోతుంది కదా, సరిగ్గా ఆ గోడకి అవతలి ఇల్లే మాది. గోడ పక్కన బలమైన ఎఫ్‌ఎం స్టేషన్ ఉంటే మాకు ఎంత తలనొప్పో ఊహించుకోండి.

ఆ ప్రసారంలో రెండు స్వరాలుంటాయి, ఒకటి 90 హెర్ట్జ్, ఒకటి 150 హెర్ట్జ్. దిగడానికి వస్తున్న విమానంలోంచి చూస్తే ఎడమ పక్క 90 బలంగా, కుడి పక్క 150 బలంగా ఉంటుంది. నడిగీత మీద రెండూ సమానం. కాక్‌పిట్‌లోని పరికరం ఈ రెండింటి తేడా కొలిచి సూదిని పక్కకి కదుపుతుంది. ఆ తేడాని మేం డీడీఎం అంటాం. రన్‌వే మొదట్లో నడిగీతకి 105 మీటర్లు పక్కకి పోతే డీడీఎం 0.155 అవుతుంది, సూది చివరికంటా పోతుంది. చేతిలో కొలత రిసీవర్ పట్టుకుని రన్‌వేకి అడ్డంగా నడిచి చూస్తే భలే ఉంటుంది. ఒక్కో అడుగుకీ మూడో దశాంశంలో అంకె మారుతూ వస్తుంది. తెల్ల గీత మీద కాలు పెట్టేసరికి సున్నా. మళ్ళీ అడుగేస్తే గుర్తు మారిపోతుంది. తెల్లవారుజామున విమానాలు లేని అరగంటలో ఈ నడక ఎన్నిసార్లు నడిచానో లెక్క లేదు. ఇప్పటికీ ఆ సున్నా కనిపించగానే ఓ క్షణం ఆగుతాను.

ఇది కుడి ఎడమల సంగతి. పై కింది సంగతి చెప్పేది గ్లైడ్ పాత్. రన్‌వే మొదలు నుంచి దాదాపు 300 మీటర్లు లోపలికి, ఓ పక్కగా ఉన్న ఎత్తైన స్తంభం అది. ప్రసారం 329 నుంచి 335 మెగాహెర్ట్జ్ మధ్య. స్వరాలు మళ్ళీ అవే. పైన 90 ఎక్కువ, కింద 150 ఎక్కువ, మధ్యలో సాధారణంగా 3 డిగ్రీల వాలులో సమానం. పైలట్ రెండు ఫ్రీక్వెన్సీలు విడివిడిగా పెట్టక్కర్లేదు, జతలు ముందే ఖాయం చేశారు. లోకలైజర్‌కి 110.3 పెడితే గ్లైడ్ పాత్ 335.0కి దానంతటదే పోతుంది. దూరం చెప్పే డీఎంఈ జత కూడా అంతే.

గ్లైడ్ పాత్ గురించి బయటివాళ్ళకి తెలియని విషయం ఒకటుంది. దాని ముందున్న నేల కూడా యాంటెన్నాలో భాగమే. ఎక్కువగా వాడే రకాల్లో స్తంభం మీది యాంటెన్నా నుంచి నేరుగా వెళ్ళే తరంగం, నేల మీద పడి పైకి లేచే తరంగం, ఈ రెండూ కలిస్తేనే ఆ 3 డిగ్రీల వాలు తయారవుతుంది. అతి సాదా రకంలో రెండే యాంటెన్నాలు, ఒకటి నేల నుంచి 4.3 మీటర్ల ఎత్తులో, రెండోది దానికి రెట్టింపు ఎత్తులో. ముందు నేల చదును చెడినా, మంచు పేరుకున్నా, గడ్డి ఏపుగా పెరిగినా వాలు అటూ ఇటూ అవుతుంది. అందుకే గడ్డి కోయించమని మేం అంతగా వెంటపడేది. అందం కోసమని చాలామంది అనుకుంటారు.

ఇప్పుడు అసలు విషయం, మానిటర్. ఐఎల్ఎస్ ప్రసారం చేస్తూనే తన ప్రసారాన్ని తానే వింటూ ఉంటుంది. యాంటెన్నాల లోపల కొన్ని తీగలు, బయట మైదానంలో ఒక చిన్న యాంటెన్నా, ఇవి అందుకున్నదాన్ని మానిటర్ అదేపనిగా కొలుస్తుంది. నడిగీత జరిగిందా, వాలు మారిందా, వెడల్పు మారిందా, బలం తగ్గిందా? ఏది హద్దు దాటినా మొదట రెండో ట్రాన్స్‌మిటర్‌కి మారుతుంది. అప్పుడూ హద్దులోకి రాకపోతే మొత్తం ఆపేస్తుంది. ఇదంతా ఎంతలో జరగాలో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐసీఏఓ, తన నిబంధనల్లో రాసిపెట్టింది. కేటగిరీ 1 లోకలైజర్‌కి 10 సెకన్లు, కేటగిరీ 2కి 5, కేటగిరీ 3కి 2. కేటగిరీ 3 అంటే దాదాపు ఏమీ కనిపించని పొగమంచులో విమానం తనంతట తాను దిగే పద్ధతి. అక్కడ 2 సెకన్లకు మించి అబద్ధం చెప్పే హక్కు మా పరికరానికి లేదు. ప్రసారం ఆగగానే కాక్‌పిట్‌లో హెచ్చరిక జెండా పడుతుంది. పైలట్ ఇంజిన్లకు పవర్ పెంచి పైకి లేచిపోతాడు. ఖర్చు ఓ పది నిమిషాలు, కొంత ఇంధనం.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఒక మధ్యాహ్నం గ్లైడ్ పాత్ ఆగిపోయింది. మొదటి ట్రాన్స్‌మిటర్ నుంచి రెండోదానికి మారి, అదీ ఆగింది. పరుగున షెల్టర్‌కి వెళ్ళాను. కిటికీ లేని చిన్న గది, ఏసీ హోరు, ప్యానెల్ మీద ఎర్ర దీపాలు. కార్డులు ఒక్కొక్కటే పీకి చూశాను, కేబుళ్ళు కదిపాను, మీటర్ తెచ్చి వోల్టేజీలు కొలిచాను. గంట గడిచింది. అంతా సవ్యంగానే ఉంది! ఉక్కపోతకి తలుపు తీసి బయటికొస్తే, మానిటర్ యాంటెన్నాకీ స్తంభానికీ సరిగ్గా మధ్యలో గడ్డి కోసే ట్రాక్టర్ ఆగి ఉంది. డ్రైవర్ దాని నీడలో కూర్చుని భోజనం చేస్తున్నాడు. ట్రాక్టర్ పక్కకి తీయించాక మీట నొక్కితే పచ్చ దీపం వచ్చింది.

అప్పటి నుంచి కొత్తవాళ్ళకి మొదటి పాఠంగా ఇదే చెబుతాను. రెండు ట్రాన్స్‌మిటర్లూ ఒకేసారి "చెడిపోతే" ముందు తలుపు తీసి బయటికి చూడండి. ఒకేసారి రెండూ పాడవడం చాలా అరుదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాంట్లోనే తప్పు ఉంటుంది. అది యాంటెన్నా, కేబుల్, మానిటర్ లేదా ముందున్న నేల.

అయితే మానిటర్ కూడా అన్నీ చూడలేదు. అది చూసేది తన దగ్గరి నేలని. దూరంగా రన్‌వే మీద పెద్ద విమానం తోక అడ్డొచ్చి తరంగాన్ని వంచితే, వెనక వచ్చే విమానానికి సూది ఊగుతుంది, మానిటర్‌కి మాత్రం అంతా బాగానే కనిపించవచ్చు. 2011 నవంబర్ 3న మ్యూనిక్‌లో అదే జరిగింది. ఆటోపైలట్ మీద దిగుతున్న ఒక బోయింగ్ 777కి, ముందు టేకాఫ్ అయిన విమానం వల్ల లోకలైజర్ చెదిరింది. నేలను తాకేలోపే అది ఎడమ పక్కకి ఒరిగింది, చివరికి రన్‌వే దాటి గడ్డిలోకి వెళ్ళింది. ప్రాణాలు పోలేదు. యాంటెన్నాల చుట్టూ కొంత జాగాను క్రిటికల్ ఏరియా, సెన్సిటివ్ ఏరియా అని గీత గీసి కాపాడేది ఇందుకే. పొగమంచు రోజుల్లో విమానాల మధ్య ఎడం పెంచడానికి ఇదొక కారణం, ప్రయాణికులు విసుక్కునే ఆలస్యాల్లో కొంత ఇక్కడిది. మంచి వెలుతురులో ఈ జాగాని అంత గట్టిగా కాపాడరు. ఆ రోజు మ్యూనిక్‌లోనూ పూర్తి కాపుదల లేదు.

ఇంకో మినహాయింపు కూడా చెప్పాలి. 3 డిగ్రీల వాలుతో పాటు దాదాపు 9 డిగ్రీల దగ్గర ఒక దొంగ వాలు కూడా పుడుతుంది. మా పరికరం తప్పు కాదది, రెండు తరంగాలు కలిసే పద్ధతిలోనే ఉంది. అందుకే పైలట్లు గ్లైడ్ పాత్‌ని కింది నుంచి పట్టుకోవాలంటారు.

మోర్స్ గుర్తు గురించి చెప్పకపోతే ఇదంతా సగమే. ప్రతి ఐఎల్ఎస్, దిక్కు చెప్పే వీఓఆర్, డీఎంఈ తన పేరును మోర్స్‌లో చుక్కా గీతల్లో ఆగకుండా చెప్పుకుంటూ ఉంటుంది. ఐఎల్ఎస్‌లో అది 1020 హెర్ట్జ్ కూత. పైలట్ వాడేముందు విని సరిచూసుకోవాలి. దీనికి రెండు ప్రయోజనాలున్నాయి. సరైన స్టేషనే పట్టుకున్నానా అన్నది ఒకటి. రెండోదే ముఖ్యం: మేం మరమ్మతు చేస్తున్నప్పుడు ఆ గుర్తు తీసేస్తాం. ప్రసారం ఉంటుంది, సూది కూడా కదలొచ్చు, కానీ పేరు వినిపించదు. పేరు లేని ప్రసారాన్ని నమ్మకూడదు. సూది ఎంత బుద్ధిగా నిలబడినా సరే.

1997 ఆగస్టు 6న గ్వామ్‌లో జరిగిన ప్రమాదం గురించి ఈ రంగంలో అందరూ చదువుతారు. గ్లైడ్ పాత్ మరమ్మతులో ఉంది. పైలట్లకు ముందే నోటామ్, అంటే హెచ్చరిక ప్రకటన, ఇచ్చారు. అయినా అది పనిచేస్తోందా లేదా అని కాక్‌పిట్‌లో తర్జనభర్జన పడిన మాటలు రికార్డయ్యాయి. విమానం రన్‌వేకి ఓ ఐదు కిలోమీటర్ల ముందే కొండను ఢీకొంది. 254 మందిలో 228 మంది పోయారు. దర్యాప్తులో కారణాలు చాలా చెప్పారు, ఇదొక్కటే కాదు. కానీ నేను మీట తిప్పి మోర్స్ గుర్తు తీసేసిన ప్రతిసారీ ఇది గుర్తొస్తుంది.

నా తప్పు కూడా ఒకటి ఒప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొలతలు తీసేటప్పుడు మానిటర్‌ని బైపాస్‌లో పెట్టాను. బైపాస్ అంటే హద్దు దాటినా ఆపొద్దని దానికి చెప్పడం, కొలతలకు అది అవసరమే. పని అయ్యాక తీయడం మర్చిపోయి, లాగ్‌బుక్‌లో "నార్మల్" అని రాసి మా సీనియర్ దగ్గరికి తీసుకెళ్ళాను. పరికరం ఇంకా సర్వీసులోకి ఇవ్వలేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన సంతకం పెట్టలేదు, తిట్టనూ లేదు. "పద, దాన్ని ఆపించి చూపించు" అన్నారు. షెల్టర్‌కి వెళ్ళి కావాలనే ఫేజ్ తిప్పాను. అంకెలు హద్దు దాటాయి, ఎర్ర దీపం వెలిగింది, ట్రాన్స్‌మిటర్ మాత్రం హాయిగా ప్రసారం చేస్తూనే ఉంది. నా ఒంట్లో చెమట పట్టింది. ఆయన బైపాస్ మీట వైపు చూపు తిప్పారు, అంతే. ఆ రోజు నుంచి ప్రతి మరమ్మతు తర్వాత మానిటర్ నిజంగా ఆపుతుందో లేదో ఆపించి చూశాకే "నార్మల్" అని రాస్తున్నాను.

వీఓఆర్, డీఎంఈల గురించి త్వరగా చెప్పేస్తాను. వీఓఆర్ రెండు 30 హెర్ట్జ్ స్వరాలు పంపుతుంది. ఒకటి అన్ని దిక్కుల్లోనూ ఒకేలా ఉంటుంది, రెండోది మీరున్న దిక్కుని బట్టి వెనకబడుతుంది. ఎన్ని డిగ్రీలు వెనకబడిందో మీరు స్టేషన్‌కి అన్ని డిగ్రీల దిక్కులో ఉన్నట్టు. డాప్లర్ రకంలో గుండ్రంగా పేర్చిన యాంటెన్నాలను సెకనుకి 30 చుట్ల చొప్పున ఒకదాని తర్వాత ఒకటి వెలిగిస్తారు. ఏదీ తిరగదు, తిరిగినట్టు అనిపిస్తుంది. చుట్టుపక్కల కట్టడాల పోటు దీనికి తక్కువ.

డీఎంఈ పద్ధతి నాకు ఇష్టం. విమానం "ఎంత దూరం?" అని రెండు పల్సులు పంపుతుంది. నేల మీది పెట్టె సరిగ్గా 50 మైక్రోసెకన్లు ఆగి జవాబిస్తుంది. ఆ 50 తీసేసి మిగిలిన సమయాన్ని 12.36తో భాగిస్తే నాటికల్ మైళ్ళు వచ్చేస్తాయి. వందకు పైగా విమానాలు ఒకే పెట్టెని ఒకేసారి అడుగుతుంటే తన జవాబేదో విమానానికి ఎలా తెలుస్తుంది? ప్రతి విమానం తన ప్రశ్నల మధ్య ఎడాన్ని ఒక వరుస లేకుండా మారుస్తూ పోతుంది. ఆ తాళానికి అడుగు కలిపి వచ్చిన జవాబులే తనవి, మిగతావి వదిలేస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి: అది చెప్పేది ఏటవాలు దూరం. 36,000 అడుగుల ఎత్తున సరిగ్గా నెత్తి మీద ఉన్నా దాదాపు 6 నాటికల్ మైళ్ళని చూపిస్తుంది.

ఎన్‌డీబీ అనే పాత మధ్యతరంగ బీకన్‌కి మాత్రం మానిటర్ ఉన్నా దాని మాట పూర్తిగా నమ్మలేం. రాత్రయితే సూది తిరుగుతుంది, ఉరుములొస్తే పిడుగు వైపు చూపిస్తుంది, తీరం దగ్గర వంగుతుంది. అందుకే చాలా దేశాలు ముందు దాన్నే తీసేస్తున్నాయి. నాకూ బెంగ లేదు.

ఇక రేడియో. విమానాల మాటలు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య, ఏఎంలో నడుస్తాయి. రెండు ఏఎం ట్రాన్స్‌మిటర్లు ఒకేసారి మోగితే వాటి ఫ్రీక్వెన్సీల్లోని చిన్న తేడా కీచుమనే కూతగా వినిపిస్తుంది. మాట అర్థం కాకపోయినా "ఇద్దరు ఒకేసారి మాట్లాడారు, మళ్ళీ అడుగు" అని కంట్రోలర్‌కి తెలిసిపోతుంది. ఎఫ్‌ఎంలో బలమైనవాడు బలహీనుణ్ణి మింగేస్తాడు. దగ్గరి విమానం మాట స్వచ్ఛంగా వినిపిస్తుంది, దూరం నుంచి సాయం అడుగుతున్నవాడు ఉన్నట్టే తెలియదు. ప్రపంచమంతా ఒకేసారి పరికరాలు మార్చుకోలేకపోవడం ఇంకో కారణం. నిజానికి ఇదే పెద్ద కారణమని నా తోటివాళ్ళు కొందరు వాదిస్తారు, వాళ్ళ మాటలోనూ బలముంది.

కూత వినిపిస్తే అన్నీ చక్కబడతాయని కాదు. 1977 మార్చి 27న టెనెరిఫేలో పొగమంచు కమ్మిన రన్‌వే మీద రెండు 747లు ఢీకొని 583 మంది చనిపోయారు. టేకాఫ్‌కి పరుగు మొదలుపెట్టిన విమానానికి "ఆగండి, నేను పిలుస్తాను" అని టవర్ చెబుతుండగానే, "మేమింకా రన్‌వే మీదే ఉన్నాం" అని రెండో విమానం చెప్పింది. రెండూ ఒకేసారి. కూత వచ్చింది కానీ పరుగు మొదలుపెట్టిన విమానంలోంచి ఎవరూ టవర్‌ని మళ్ళీ అడగలేదు. ఆ తర్వాతే మాటల పద్ధతి బిగించారు. టేకాఫ్ అన్న మాటని అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదు, మిగతా చోట్ల డిపార్చర్ అనాలి. అనుమతిని పైలట్ తిరిగి అప్పజెప్పాలి. 9ని "నైనర్" అనడం లాంటివి అంతకుముందు నుంచే ఉన్నాయి. గరగరలో ఫైవ్, నైన్ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి.

మాకు రోజువారీ టెన్షన్ పెట్టేది వేరే ఉంది, ఇరుక్కుపోయిన మైక్ బటన్. ఒకసారి వాన రోజున టవర్ ఫ్రీక్వెన్సీ మొత్తం ఎవరిదో తెరిచిన మైక్‌తో నిండిపోయింది. మాటల్లేవు. చెవి పెట్టి వింటే "టక్... టక్..." అని ఆగి ఆగి ఒక చప్పుడు. విమానాలు పిలిస్తే దాని మీద కూత. టవర్ వెంటనే రెండో ఫ్రీక్వెన్సీకి మారింది. మారమన్న మాట బలమైన ట్రాన్స్‌మిటర్ కాబట్టి చాలామందికి వినిపించింది, వినిపించనివాళ్ళకి దిగడానికి వచ్చే విమానాలను చూసే అప్రోచ్ కంట్రోల్ నుంచి చెప్పించారు. మేం ఇటు ఆ చప్పుడు వింటూ కూర్చున్నాం. ఉన్నట్టుండి మా ఆపరేటర్ అన్నాడు, "సార్, అది వైపర్." నిజమే! వానలో బయట తిరుగుతున్న బండి అన్నమాట. ఆ సమయంలో ఎయిర్‌ఫీల్డ్‌లో ఉన్నవి నాలుగే. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి రేడియో ఆపమన్నాం. మూడోవాడు ఆపగానే నిశ్శబ్దం. చేతి మైక్ సీటు సందులో ఇరుక్కుని బటన్ నొక్కుకుపోయింది. కొత్త రేడియోల్లో బటన్ మరీ ఎక్కువసేపు నొక్కి ఉంటే దానంతటదే ఆగే ఏర్పాటు ఉంటుంది, ఆ బండిలో పాతది.

అందరూ టవర్ మీద కనిపించే యాంటెన్నాల నుంచే మాట వెళ్తుందనుకుంటారు. పెద్ద విమానాశ్రయాల్లో ప్రసారం చేసే స్టేషన్ ఒక చోట, వినే స్టేషన్ ఇంకో చోట, మధ్యలో చాలా దూరం. పక్కపక్కనే పెడితే మన అరుపుకి మన చెవే మూసుకుపోతుంది. ప్రతిదీ రెండేసి, పైన బ్యాటరీ మీద నడిచే అత్యవసర సెట్ వేరే. మాట్లాడిన ప్రతి మాటా రికార్డవుతుంది, కనీసం 30 రోజులు దాచాలి.

ఈ తరంగాలు భూమి వంపు దాటి పోవు. 35,000 అడుగుల్లో ఉన్న విమానం దాదాపు 425 కిలోమీటర్ల దూరం నుంచి అందుతుంది, 1,000 అడుగుల్లో ఉంటే 70 దాటడం కష్టం. సముద్రాల మీద అందుకే చాలా దూరం పోయే హెచ్‌ఎఫ్ రేడియో, శాటిలైట్, టైపు చేసి పంపే డేటాలింక్ వాడతారు. అంటే మీరన్న డిజిటల్ కొంత వచ్చేసింది. కానీ రన్‌వే ముందు "గో అరౌండ్", అంటే దిగకుండా మళ్ళీ పైకి లేచిపో, అని టైపు చేసే తీరిక ఎవరికీ ఉండదు. రేడియో మొత్తం చచ్చిపోతే పైలట్ రాడార్‌కి జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్‌లో 7600 పెడతాడు, టవర్ చేతి దీపంతో ఎరుపు, పచ్చ చూపిస్తుంది.

ఇప్పుడు మళ్ళీ జీపీఎస్ దగ్గరికి. నేను దానికి వ్యతిరేకిని కాదు. సరిదిద్దే శాటిలైట్ వ్యవస్థతో కలిపి వాడితే ఐఎల్ఎస్ కేటగిరీ 1 లాగే 200 అడుగుల ఎత్తు వరకూ దింపగలదు. అక్కడ కూడా తేడా తెచ్చింది కచ్చితత్వం ఒక్కటే కాదు. తప్పు జరిగితే 6 సెకన్లలో విమానానికి చెప్పే ఏర్పాటు పెట్టారు. అంటే మా మానిటర్‌నే అంతరిక్షానికి ఎక్కించారు. చిన్న విమానాశ్రయాలకి ఇది వరం. నేల చదును చేయక్కర్లేదు, గడ్డి గొడవ లేదు.

ఇబ్బంది ఎక్కడంటే, 20,200 కిలోమీటర్ల నుంచి వచ్చే ఆ సంకేతం నేలకి చేరేసరికి రిసీవర్ సొంత రొద కన్నా బలహీనంగా ఉంటుంది. చిన్న జామర్ చాలు. జామింగ్ అయితే కనీసం "సిగ్నల్ లేదు" అని తెలుస్తుంది. అసలు భయం స్పూఫింగ్, అంటే దొంగ సంకేతం పంపడం. విమానం వేరే చోట ఉన్నట్టు నమ్మకంగా, జెండా పడకుండా చూపిస్తుంది. 2024 ఏప్రిల్ చివర ఎస్తోనియాలోని టార్టుకి వచ్చే అంతర్జాతీయ సర్వీసునే జీపీఎస్ ఆటంకాల వల్ల నెల రోజులు ఆపేశారు, ఎందుకంటే అక్కడి అప్రోచ్, అంటే రన్‌వే వైపు దిగివచ్చే పద్ధతి, జీపీఎస్ మీదే ఆధారపడింది. జీపీఎస్ అక్కర్లేని అప్రోచ్ పద్ధతి తయారు చేశాకే జూన్‌లో మళ్ళీ మొదలైంది. కొన్ని దేశాలు వీఓఆర్‌లు తగ్గిస్తూనే, జీపీఎస్ పోయినా దిగే దారి ఉండేలా కొన్నింటిని కావాలని అట్టిపెట్టుకున్నాయి.

చివరిగా మీరు విన్న గరగర సంగతి. ఇంటర్నెట్‌లో టవర్ మాటలు వింటున్నారనుకుంటాను. వాటిలో చాలావరకు ఎవరో అభిరుచి ఉన్నవాళ్ళు ఇంట్లో పెట్టుకున్న చిన్న రిసీవర్ల నుంచి వస్తాయి. కంట్రోలర్ మాట నేల మీద వాళ్ళ దాకా సరిగ్గా అందదు, పైన ఉన్న పైలట్ మాట బాగా అందుతుంది. గమనించండి, మీకు ఎప్పుడూ ఒకవైపే ఎక్కువ గరగర వినిపిస్తుంది. హెడ్‌సెట్ పెట్టుకున్న పైలట్‌కి, మా స్టేషన్ నుంచి వింటున్న కంట్రోలర్‌కి రెండు వైపులా దీనికన్నా చాలా శుభ్రంగా ఉంటుంది.